తుల్జమ్మ చేతి గట్క

ఈ మధ్య కడుపు నా మాట కొంచెం వింటోంది. అందుకే ధైర్యం చేసి రాయడానికి కూర్చున్నాను. ఇదివరకైతే నాలుగు ముక్కలు రాసేలోపే లేచి పరుగెత్తాల్సి వచ్చేది. నా జబ్బు నలుగురిలో చెప్పుకునేది కాదు. గుండె జబ్బంటే జనం అయ్యో అంటారు. క్షయ అంటే దూరం జరుగుతారు గానీ మర్యాదగా జరుగుతారు. పేగుల జబ్బంటే మాత్రం నవ్వుతారు. నవ్విన వాళ్ళందరి మీదా నాకు ఇంకా కోపముంది. అది చల్లారకముందే ఇదంతా కాగితం మీద పెట్టాలి.

నా పుట్టిల్లు వికారాబాద్, రైలు స్టేషన్ వెనక సందులో. మా నాయన పట్టుబట్టి నన్ను బడికి పంపాడు కాబట్టి నాలుగు అక్షరాలు వచ్చు. పోలీస్ యాక్షన్ అయిన మరుసటి యేడు తాండూరు సంబంధం కుదిరింది. అత్తగారింట్లో అత్త, బావ నాగప్ప, బావ పెళ్ళాం తుల్జమ్మ, మా ఇంటాయన. అన్నదమ్ములిద్దరికీ బండల గనిలో పని. తాండూరులో నేల తవ్వితే చాలు బండ పొరలు పొరలుగా లేస్తుంది. దాన్ని పలకలుగా చీల్చి రైలుకెక్కిస్తారు. బావ ఆ గనిలో మేస్త్రీ. చేతిలో సమ్మెట లేనప్పుడు కూడా ఉన్నట్టే మాట్లాడేవాడు. మా ఇంటాయన మెత్తనివాడు, అన్న ఎదుట నోరు పెగిలేది కాదు.

తుల్జమ్మ నాకు యారాలు. అక్కచెల్లెళ్ళలా ఉన్నామని అబద్ధం చెప్పను. పొయ్యి దగ్గర, నీళ్ళ దగ్గర, చివరికి చీపురు దగ్గర కూడా కొట్లాడుకునేవాళ్ళం. ఆమెకు పిల్లలు లేరు. అత్త ఆ మాట రోజూ ఎత్తిపొడిచేది, ఆ మంట ఆమె నా మీద తీర్చుకునేది. వంట ఆమెదే. చారులో ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు అసలే లేదు.

నేను కాపురానికొచ్చిన మూడో వానకాలంలో మొదలైంది. మొదట అజీర్తి అనుకున్నాం. తర్వాత చీము, రక్తం పడ్డాయి. నొప్పి చెప్పిరాదు. లోపల ఎవరో పేగును పట్టుకుని తడిబట్ట పిండినట్టు పిండేవాళ్ళు. పిండడం అయ్యాక వదిలేవాళ్ళు, నేను చెమటతో తడిసి గోడకు ఆనుకునేదాన్ని. ఊపిరి తీసుకునేలోపు మళ్ళీ పట్టుకునేవాళ్ళు. 

నొప్పికంటే ఘోరమైనది ఇంకొకటి ఉండేది. మా వాడలో ఏ ఇంటికీ మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్ళం తెల్లవారకముందు చెంబులు పట్టుకుని గని పక్కనున్న పనికిరాని బండముక్కల కుప్పల వెనక్కి పోయేవాళ్ళం. మళ్ళీ పొద్దుగూకాకనే. నడిమధ్య పగలంతా ఆడదానికి కడుపు అనేది లేనట్టే ఉండాలి. నా కడుపు ఆ కట్టుబాటును ఎక్కడ వింటుంది? ఒక మధ్యాహ్నం ఇక ఓర్చుకోలేక కుప్పల వెనక్కి పరుగెత్తాను. పైన గని అంచున మగవాళ్ళు రొట్టెలు తింటున్నారు. కేకలు వేశారు, ఈలలు వేశారు. తర్వాత రాళ్ళు విసిరారు. ఒకటి నుదుట తగిలి, రక్తం కంట్లోకి కారుతుంటే లేవలేక, కూర్చోలేక అక్కడే ఏడ్చాను. ఆ మచ్చ ఇప్పటికీ బొట్టు పక్కన ఉంది. రాళ్ళు వేసిన వాళ్ళలో ఇద్దరు మా ఇంటికి పండగలకు వచ్చి తిని వెళ్ళేవాళ్ళే.

ఆ రోజు నుంచి తిండి మానేశాను. తినకపోతే పోవాల్సిన పని ఉండదు గదా అని. గాజులు మోచేతి దాకా జారేవి. తెల్లవారుజామున మాతో వచ్చేవాళ్ళలో సువార్తమ్మ అని ఒకామె ఉండేది. గనిలో తట్ట మోసే మనిషి, నోరు పెద్దది. అందరూ పని ముగించుకుని వెళ్ళిపోయినా ఆమె మాత్రం దూరంగా, వీపు నావైపు పెట్టి నిలబడేది.

"నువ్వు నిమ్మళంగ కూసో అంజమ్మా. తొందరేం లేదు. ఎవడన్న ఇటు దిక్కు వస్తే బండతోని తల పగులగొడ్త" అనేది.

నా జబ్బులో నాకు దొరికిన మొదటి మందు అదే. ఆమె వీపు.

ఇంట్లో వైద్యం వేరే రకంగా సాగింది. కడుపునొప్పికి వాతలు పెట్టాలని అత్త ఒక ముసలాయనను పిలిపించింది. ఇనుప చువ్వ పొయ్యిలో ఎర్రగా కాల్చాడు. మా ఇంటాయన బయటికి వెళ్ళిపోయాడు. బావ కాళ్ళు పట్టుకున్నాడు, తుల్జమ్మను తల పట్టుకోమన్నారు. బొడ్డు చుట్టూ వాతలు పెడుతుంటే నా చర్మం కాలే వాసన నాకే వచ్చింది. నోట్లో గుడ్డ కుక్కమని అత్త అరుస్తోంది. గుడ్డ దొరకలేదో ఏమో, తుల్జమ్మ తన చెయ్యి పెట్టింది. కొరికేశాను. ఆమె చెయ్యి వెనక్కి తీయలేదు. తర్వాత పసుపు అద్దుకుంటూ, "కుక్క పండ్లే నీవి" అని మాత్రం తిట్టింది.

వాతలు మానాయి. జబ్బు మానలేదు.

మన హైదరాబాదు రాష్ట్రం ఆంధ్రతో కలిసిందని ఊరంతా మాట్లాడుకున్న యేడు, నేను మంచం దిగలేని స్థితికి వచ్చాను. అప్పుడు అత్తకు ఎవరో చెప్పారు, ఇది జబ్బు కాదు, చెయ్యిమందు అని. తిండిలో ఎవరో మందు కలిపి పెట్టారు, కక్కిస్తేనే పోతుంది అని. ఈ తట్టున ఈ నమ్మకం ఎంత బలమో బయటివాళ్ళకు తెలియదు. మొండి కడుపునొప్పి ఎవరికి వచ్చినా, జ్వరం లేకుండా చిక్కిపోయినా, ముందు వచ్చే ప్రశ్న ఇది: మందు పెట్టిందెవరు?

నన్ను బండిలో వేసుకుని బషీరాబాద్ అవతల ఒక ఊరికి తీసుకుపోయారు. కక్కించేవాడు సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడాడు. ఏదో ఆకు పసరు గొంతులో పోశాడు. పేగులు నోట్లోకి వస్తాయా అన్నట్టు కక్కాను. అతను కక్కులోంచి వెంట్రుకలు చుట్టిన నల్లటి ముద్ద ఒకటి తీసి చూపించాడు. నేను కక్కకముందే ఆ ముద్ద అతని వేళ్ళ సందున ఉంది. నా కళ్ళతో చూశాను. చెప్పాను కూడా.

"అత్తా, గది వాని చేతులనే ఉండె! నేను చూసిన!"

"మందు మాట్లాడిపిస్తుంది దాంతోని" అన్నాడు అతను. అందరూ తలలూపారు. నా మాటను నా నోట్లోనే అంత సులువుగా చంపేశాడు.

"అన్న హాకో కై" అన్నాడు తర్వాత. అన్నం పెట్టే చెయ్యి. ఇంట్లో మీకు అన్నం పెట్టే చెయ్యే మందు పెట్టిందట. ఆ మనిషి పళ్ళు పీకితే మంత్రం పారదు, జబ్బు దిగిపోతుందట.

బండిలో తిరిగి వస్తుంటే బావ ఎద్దులను ఆపకుండా అదిలించాడు. నాకు భయమేసింది. మా ఇంట్లో అన్నం పెట్టే చెయ్యి ఎవరిదో ఎద్దులకు కూడా తెలుసు.

మర్నాడు పొద్దెక్కాక నేను లోపల మంచంలో ఉండగా ఒక అరుపు వినిపించింది. మనిషి అరిచినట్టు లేదు. గోడ పట్టుకుని, ఆ తర్వాత నేల మీద పాకి గడప దాకా వచ్చాను. వాకిట్లో తుల్జమ్మను ఇద్దరు మగవాళ్ళు రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఎదురుగా వేపచెట్టు కింద కులపెద్దలు కూర్చున్నారు. గనిలో ఉలులు కాల్చే కొలిమి నుంచి తెచ్చిన పట్కారు బావ చేతిలో ఉంది. దాని కొనలో ముందరి పన్ను ఒకటి ఉంది. తుల్జమ్మ నోరంతా రక్తం, రవికె అంతా రక్తం.

"ఇంకోటి పట్టు" అంటున్నారెవరో.

గడప పక్కన రోకలి ఉంది. నన్ను నేను ఎత్తుకోలేని దాన్ని, దాన్ని ఎలా ఎత్తానో నాకిప్పటికీ తెలియదు. బావ మోచేతి మీద వేశాను. పట్కారు ఎగిరి బండ మీద పడి మోగింది. బావ దెబ్బ తగిలిన చెయ్యి పట్టుకుని నా మీదికి వచ్చాడు. మా ఇంటాయన మధ్యలోకి దూకాడు, అన్నకు ఎదురు నిలబడటం ఆయన బతుకులో అదే మొదలు. చెంపదెబ్బ ఒకటి తిన్నాడు గానీ జరగలేదు.

"మందు నా కడుపుల వడ్డదన్నరు గద! నన్నడుగుండ్రి!" అని అరిచాను. "గామెకు చారుల ఉప్పెయ్యనే రాదు, మందేం పెడ్తది! గామె చేతి గట్క ఇప్పుడే తింట. మీ అందరి ముందట తింట. నాకేమన్న అయితే నా పండ్లు గూడ పీకుండ్రి!"

పెద్దలు తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. పెద్దాయన తీర్పు చెప్పాడు.

"సరే తిను. తిన్నంక గీ అరుగు మీదనే కూసోవాలె, సాయంత్రం పాసింజర్ వచ్చేదాక. కక్కొద్దు. చెంబు వట్టొద్దు. నువ్వు లేసినవంటే తుల్జమ్మ తప్పు ఖరారు. ఉన్న పండ్లన్ని పీకి ఊరవతలికి తోల్తం."

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్న తర్వాత అర్థమైంది నేనేం ఒప్పుకున్నానో. అంతసేపు లేవకుండా కూర్చోవడం నా చేతిలో లేదు, నా పేగు చేతిలో ఉంది.

తుల్జమ్మ లోపలికి వెళ్ళి జొన్నరవ్వ ఉడికించి గట్క చేసింది. మజ్జిగ పోసి తెచ్చి నా ముందు కూర్చుంది. కంచం నా ముందుకు జరిపింది. నోట్లోంచి ఒక చుక్క రక్తం గట్క మీద పడింది. ఆమె కంచం వెనక్కి లాక్కోబోయింది. నేను గట్టిగా పట్టుకుని మొత్తం తిన్నాను. ఆ రోజూ ఉప్పు తక్కువే.

కాసేపు బాగానే ఉంది. పొద్దు మళ్ళేసరికి లోపల చెయ్యి పడింది. పిండింది. చీర కుచ్చిళ్ళు పిడికిట్లో పట్టుకున్నాను. గోళ్ళు అరచేతిలో దిగాయి. బావ నన్నే చూస్తున్నాడు, పట్కారు మళ్ళీ చేతిలోకి తీసుకుని తొడ మీద పెట్టుకున్నాడు. తుల్జమ్మ నా మొహం చూసి కళ్ళు మూసుకుంది. నాకు చావు భయం లేదప్పుడు. లేస్తానేమోనన్న భయం ఒక్కటే.

అప్పుడు గని నుంచి తట్ట మోసే ఆడవాళ్ళు పని దిగి వస్తున్నారు. ముందు సువార్తమ్మ. వాకిట్లో జనాన్ని చూసింది, తుల్జమ్మ నోరు చూసింది, నా మొహం చూసింది. ఎన్నో తెల్లవారుజాముల్లో ఆ మొహం చూసిన మనిషి ఆమె. నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఎండ మొఖాన కొడ్తుంటే గట్ల కూసోపెట్టిన్రేందే పాపం! రాండ్రి, జర నీడ పట్టుదాం" అంది. తన పైన కప్పుకున్న పాతచీర తీసింది. ఇంకో ఇద్దరూ తీశారు. నా చుట్టూ నిలబడి చీరలు చాపి పట్టుకున్నారు, నా మెడ ఎత్తు వరకు. సువార్తమ్మ నెత్తి మీది ఇనుప తట్ట దించి నా పక్కకు తోసింది. అందులో సగం దాకా బండపొడి ఉంది.

పెద్దాయన లేచాడు. "చీరలు తియ్యుండ్రి! మాకు కనపడాలె!"

సువార్తమ్మ గొంతు లేచింది. గనిలో తుపాకీ మందు పేలినా అంత చప్పుడు రాదు. "తల కనపడ్తలేదా నీకు? ఆమె తల చూస్కుంట కూసో! ఆడదాని నడుము చూడాల్నా? నీ ఇంట్ల ఆడోళ్ళు లేరా? నీ బిడ్డను గిట్ల కూసోపెడ్తవా వాకిట్ల?"

ఆయన కూర్చున్నాడు. సువార్తమ్మ మాత్రం ఆపలేదు. ఊళ్ళో ఉన్న మగవాళ్ళందరినీ, గనిలో రాళ్ళు వేసిన వాళ్ళతో సహా, పేరుపేరునా తిట్టింది. ఆ తిట్ల చప్పుడు చాటున, ఆ చీరల వెనక, పిరుదులు తట్ట మీదికి జరుపుకుని నేను చేయాల్సిన పని చేశాను. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. తల మాత్రం నిటారుగా పెట్టుకున్నాను, అందరికీ కనపడేలా. ఒకామె గుప్పెడు గుప్పెడు బండపొడి కప్పింది. ఇంకొకామె తడిగుడ్డ అందించింది.

అయినా వాసన ఆగదు గదా.

"ఏందా వాసన?" అన్నాడు బావ.

అందరూ అత్త వైపు చూశారు. ఆమె అరుగు మీద నా పక్కనే కూర్చుని ఉంది. చీరల లోపల ఏం జరిగిందో అంతా చూసింది. నన్ను బషీరాబాద్ అవతలికి తీసుకుపోయింది ఆమె. తుల్జమ్మను ఇంటినుంచి పంపించాలని ఏళ్ళ తరబడి ఎదురుచూసింది ఆమె. ఒక్కమాట చాలు.

అత్త తుల్జమ్మ నోటి వైపు చూసింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"మన బర్రె పొద్దటిసంది పారుకుంటుంది. నీకు తెల్వదా?" అంది.

పాసింజర్ కూత వేసింది. పెద్దలు లేచి పంచెలు దులుపుకున్నారు. సువార్తమ్మ తట్ట నెత్తికెత్తుకుని వాళ్ళ మధ్యలోంచే నడిచింది. "జరగుండ్రి జరగుండ్రి, బరువుంది" అంటూ. వాళ్ళు దారిచ్చారు.

ఆ అబద్ధం ఎందుకు ఆడావని అత్తను తర్వాత అడిగాను. "పన్ను పీకినప్పుడు అది అవ్వా అని అరిసింది. నన్ను పిలిసినట్టే అనిపించింది" అంది. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తనివ్వలేదు.

నయా పైసలు వచ్చిన యేడు నన్ను వికారాబాద్ దవాఖానాకు తీసుకెళ్ళింది తుల్జమ్మే. రైల్లో మరుగుదొడ్డి తలుపుకు అడ్డంగా మూటలేసుకుని కూర్చున్న జనాన్ని, మూటల్ని తన్ని మరీ దారి చేసింది. ముందు పన్ను లేని నోటితో ఆమె తిడుతుంటే అందరూ పక్కకు జరిగారు. దవాఖానా వరండాలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చునేవాళ్ళం. నాలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారని అక్కడే తెలిసింది. కోట్‌పల్లి నుంచి వచ్చిన ఒక రైతు పెళ్ళాం, నవాబుపేట పంతులమ్మ. మొదట ఎవరి మొహాలు వాళ్ళం దాచుకున్నాం. ఒకరోజు పంతులమ్మ ఉన్నట్టుండి లేచి పరుగెత్తింది. తిరిగి వచ్చి సిగ్గుతో తల దించుకుంది. రైతు పెళ్ళాం ఆమె చెంబు నింపి తెచ్చిచ్చి, "నాకు గూడ గదే పరేషాన్" అంది. అంతే, బల్ల మీద నోళ్ళు తెరుచుకున్నాయి. ఏం తింటే పడదు, ఎవరు నవ్వారు, మొగుడేమన్నాడు. ఏడ్చాం, నవ్వాం కూడా.

డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "పేగుల పుండ్లున్నయి. తగ్గుతయి, మళ్ళ వస్తయి. పూర్తిగ పోతదని నేను చెప్ప. మందు మందే, కాని ఇంట్ల ఎవరన్న తోడుండాలె. నీకెవరున్నరు?"

"నేనున్న గద" అంది తుల్జమ్మ, అడిగిందే తప్పన్నట్టు.

తర్వాతి యేళ్ళు ఒక్కలా లేవు. కొన్ని నెలలు బాగుండేది, ఏ కారణం లేకుండా మళ్ళీ పడగొట్టేది. ఒకసారి చచ్చిపోతాననుకుని నా చీరలు కూడా పంచేశాను, బాగయ్యాక ఒక్కటీ తిరిగి రాలేదు. పగటిపూట కష్టం మాత్రం తీరింది. సువార్తమ్మ, ఆమెతో పనిచేసే ఆడవాళ్ళు గనిలో విరిగిన బండలు పని దిగి వచ్చేటప్పుడు తలా ఒకటి మోసుకొచ్చేవాళ్ళు. మా ఇంటాయన పెరట్లో గొయ్యి తవ్వాడు. బండలు నిలువుగా పాతి నాలుగు వైపులా గోడ కట్టాం. మా వాడలో అదే మొదటి మరుగుదొడ్డి. వాడ ఆడవాళ్ళందరూ వాడుకునేవాళ్ళు, నేను వస్తే మాత్రం ఎంత వరస ఉన్నా ముందు నాకు వదిలేవాళ్ళు.

ఇది చదివేవాళ్ళలో ఇలాంటి జబ్బు ఉన్నవాళ్ళుంటే ఒక్కటే చెబుతాను. దాచుకోకండి. దాచుకున్న జబ్బుకు ఊళ్ళో వాళ్ళు తమకిష్టమైన పేరు పెడతారు. ఆ పేరుతో ఇంకొకరి పళ్ళు పీకుతారు.

ఒక సంగతి మిగిలింది. ఆ రోజు తర్వాత తుల్జమ్మ బావకు ఒక్కపూట కూడా తన చేత్తో వడ్డించలేదు. వండి, కుండ దించి, పక్కకు జరిగేది. ఆయనే పెట్టుకుని తినేవాడు. పెద్దలు చెప్పి చూశారు, ఆయన కొట్టి చూశాడు. ఆమె చెయ్యి ఆయన కంచం దగ్గరికి వెళ్ళలేదు. 

పోయిన ఎండాకాలం బావకు విషజ్వరం వచ్చింది. లేవలేడు. నాకూ అప్పుడే కడుపు మళ్ళీ తిరగబడింది. ఒకే గదిలో అటు ఆయన మంచం, ఇటు నా చాప. తుల్జమ్మ గట్క కాచి తెచ్చింది. కుండ ఆయన మంచం పక్కనే దించి గరిటె అందులో వదిలింది.

"తుల్జా" అన్నాడు బావ. గొంతు పీలగా వచ్చింది. "చేతులు లేస్తలేవు. జర నువ్వే పెట్టు."

ఆమె ఆయన వైపు తిరిగింది. ఖాళీ పన్ను సందులో నాలుక ఆడింది.

"వద్దులే" అంది. "నా చేతుల మందుంటది."

మా ఇంటాయనను పిలిచి అన్నకు తినిపించమంది. తర్వాత నా కంచం ముందుకు లాక్కుని గట్క వేసింది, మజ్జిగ పోసింది, నేను చాలన్నా వినకుండా ఇంకో గరిటె వేసింది. ఉప్పు తక్కువైంది. నేనేమీ అనకుండా తిన్నాను.